కార్తేజ్‌ని వాయిదాల్లో గెలవడం

సివిలైజేషన్ 5 అనే కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్‌లో మారథాన్ స్పీడ్, అంటే అన్నిటికన్నా నెమ్మదైనది, అనగానే చాలామంది పారిపోతారు, 1500 టర్నులు ఎవడు కూర్చుంటాడు అని. నాకైతే యుద్ధం చేయాలంటే అదే స్పీడ్ ఇష్టం, ఎందుకంటే అందులో రీసెర్చ్, బిల్డింగులు అన్నీ నెమ్మదిస్తాయి గానీ సైన్యం నడక నెమ్మదించదు, మామూలు స్పీడ్‌లో టర్నుకి రెండు టైల్స్ (మ్యాప్ మీద గడులు) నడిచే లీజియన్ (రోమ్ కత్తి సైనికుల దళం) ఇక్కడా రెండే నడుస్తుంది. శత్రువు ఊరు చేరేలోపే మన కత్తులు పాతబడిపోయే గోల ఉండదన్నమాట.

ఈసారి నేను అగస్టస్ సీజర్, రోమ్. పక్కన కార్తేజ్, దాని రాణి డిడో. చరిత్రలో ఈ రెండిటి తగువు తేలడానికి క్రీ.పూ. 264 నుంచి 146 దాకా మూడు యుద్ధాలు పట్టాయి, నా గేమ్‌లో కూడా సరిగ్గా మూడే అయ్యాయి, కావాలని చేసింది కాదు, హ్యాపీనెస్ మీటర్, అంటే మన జనం ఎంత సంతోషంగా ఉన్నారో చూపే లెక్క, చేయించింది. దాని సంగతి తర్వాత చెప్తా.

ముందు దారి. టైల్‌కి ఒక్క యూనిటే నిలబడాలి అనే రూల్ వల్ల, కొండలకీ సముద్రానికీ మధ్య సన్నటి సందు ఉంటే ఎంత పెద్ద సైన్యమైనా క్యూలో నిలబడాల్సిందే. ముందు లీజియన్లు, వెనక బల్లిస్టాలు (ఊళ్ళని దూరం నుంచి కొట్టే యంత్రాలు), ఆ బల్లిస్టాలేమో వెళ్ళిన వెంటనే కొట్టవు, సెటప్ చేసుకోవాలి, పైగా వాటి రేంజ్ రెండు టైల్స్, ఊరి రేంజ్ కూడా రెండే, అంటే దెబ్బ తినకుండా దెబ్బ కొట్టడం కుదరదు. లీజియన్లకి రోడ్డు వేయడం వచ్చు కాబట్టి సరిహద్దు దాకా వాటితోనే వేయించా, గాయపడ్డవాటిని వెనక్కి లాగి కొత్తవి పంపడానికి ఆ రోడ్డే ప్రాణం. గెలిపించింది కత్తి కాదు ఆ రోడ్డే అంటా నేను.

ఈలోగా డిడోకి గ్రేట్ జనరల్ పుట్టాడు. కార్తేజ్‌కి మొదటి జనరల్ వచ్చాక దాని సైన్యం పర్వతాలు కూడా దాటేస్తుంది, ఏనుగులు సరాసరి నా బల్లిస్టాల వెనక దిగాయి. కాకపోతే పర్వతం మీద టర్ను ముగిస్తే 50 హెచ్‌పీ (యూనిట్ ప్రాణం లెక్క) పోతుంది, సగం చచ్చి వచ్చాయి, స్పియర్‌మెన్ మిగతా సగం చూసుకున్నారు. క్రీ.పూ. 218లో హానిబల్ ఆల్ప్స్ దాటినప్పుడు కూడా సైన్యం బోలెడంత దారిలోనే పోయింది కదా, గేమ్ చేసినవాళ్ళు ఈ ఒక్క విషయంలో భలే ఆలోచించారు.

సముద్రం ఇంకో తలనొప్పి. ఊరు ఎంత కొట్టినా టర్ను టర్నుకీ కొంత కోలుకుంటూనే ఉంటుంది, చుట్టూ పూర్తిగా దిగ్బంధం చేస్తేనే అది ఆగుతుంది, తీరంలో ఊరైతే ఓడలు లేకుండా ఆ పని అవదు. వాళ్ళ యుద్ధనౌక క్విన్‌క్వెరీమ్ బలం 13, నా ట్రైరీమ్‌ది 10. ఇక సంఖ్యతో నెట్టడమే. అసలు రోమన్లు కొట్టుకొచ్చిన కార్తేజ్ ఓడ ఒకటి దొరికితే దాన్నే చూసి కాపీ కొట్టి నౌకాదళం కట్టారని పాతకాలం గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాశాడు, గేమ్‌లో ఆ సౌకర్యం లేదు.

రెండు ఊళ్ళు పడేసరికి హ్యాపీనెస్ సున్నా కిందకి పోయింది. ఇదే అసలు బ్రేకు. గెలిచిన ఊరిలో జనం సగానికి పడిపోతారు, కొన్నాళ్ళు ఎదురుతిరుగుతారు, ఆ ఉన్న సగం మంది అసంతృప్తీ మన లెక్కలోకే వస్తుంది. మైనస్ 20 దాకా పోనిస్తే మన దేశంలోనే రెబెల్స్ పుట్టుకొస్తారు. సరిగ్గా అప్పుడే డిడో టర్నుకింత బంగారం ఇస్తా సంధి చేసుకో అంది, కళ్ళకద్దుకుని తీసుకున్నా. ఆ డబ్బుతో జనాన్ని చల్లబరిచే కలోసియమ్‌లు, కోర్ట్‌హౌస్‌లు. రాజధానిలో ఉన్న బిల్డింగ్ వేరే ఊళ్ళో కడితే రోమ్‌కి 25 శాతం ప్రొడక్షన్ కలిసొస్తుంది గానీ కోర్ట్‌హౌస్‌కి ఆ బోనస్ రాదు, అది ఆక్రమించిన ఊళ్ళోనే కట్టాలి, రాజధానిలో ఎలా ఉంటుంది మరి.

రెండో యుద్ధం చివర్లో జామా దగ్గర ఓడాక నిజం కార్తేజ్ మీద పడ్డ జరిమానా కూడా ఇలాంటిదే, 10,000 టాలెంట్ల (అప్పటి తూకం) వెండి, 50 ఏళ్ళ వాయిదాల్లో. ఆ గడువు తీరాక, క్రీ.పూ. 149లో రోమ్ మళ్ళీ బయల్దేరింది. నేనూ రెండో యుద్ధం అయ్యాక ఇంకోసారి వాయిదాలు తిని, ఈసారి ట్రెబ్యుషేలు (బల్లిస్టాల కన్నా బలమైన యంత్రాలు) వచ్చేదాకా ఆగి వెళ్ళా.

ఒకేసారి విరుచుకుపడి ఆరు ఊళ్ళు లాక్కుని, హ్యాపీనెస్ పడిపోయాక సైన్యం బలం తగ్గిపోయిందేంటి అని ఏడ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, సంధి అడిగితే తీసుకోండి, ముఖ్యంగా డబ్బిస్తా అంటే.

కార్తేజ్ పడింది. 146లో రోమన్లు దాన్ని నేలమట్టం చేశారు, గేమ్‌లో మాత్రం రాజధానిని తగలబెట్టే ఆప్షన్ లేదు, పప్పెట్ (పేరుకి మనదే, నడిపేది మనం కాదు) చేసి వదిలేశా, దాని ఇష్టం వచ్చింది అది కట్టుకుంటోంది. మిగతా నాయకులంతా వరసగా నన్ను యుద్ధపిపాసి అని తిడుతున్నారు, ఇన్ని వందల టర్నుల్లో ఒక్క పొరుగుదేశాన్ని తీసుకున్నందుకు!