ఇందులో ఏముంది, అమ్మమ్మా?

డిసెంబరు సెలవులకు అమెరికా నుంచి గుంటూరు వచ్చే పిల్లల్లో జలుబు పట్టనివాళ్ళు అరుదు. నిద్ర చాలదు, ఇంటి నిండా చుట్టాలు, రోజుకో పెళ్ళి, రోజుకో భోజనం. బ్రాడీపేటలోని మా పుట్టింట్లో ఎవరు తుమ్మినా మా అమ్మ చేయి మందుల డబ్బా మీదికే వెళ్తుంది. ఈసారి మా పదేళ్ళ అమ్మాయికి జలుబు బిళ్ళను సగానికి విరిచి, మంచినీళ్ళ గ్లాసుతో సహా అందించింది. అది తీసుకోకుండా, "ఇందులో ఏముంది, అమ్మమ్మా?" అని అడిగింది అమ్మాయి.

పక్కనే ఉన్న మా పెద్దమ్మకు కోపం వచ్చింది. "అమ్మమ్మ విషం పెడుతుందా ఏమిటి?" అంది.

పెద్దలు ఇచ్చింది వద్దనకూడదని మా పిల్లలకు నేనే నేర్పాను. అయినా ప్రసాదానికి చెల్లే మర్యాద మందుకు చెల్లదు. అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. నిలదీసినట్టు కాకుండా, అమ్మమ్మ పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి చదవమన్నాను.

మెడికల్ షాపులో కత్తెరతో కత్తిరించి ఇచ్చిన నాలుగు బిళ్ళల ముక్క అది. పేరు సగమే మిగిలింది, గడువు తేదీ ఉన్న అంచు లేనే లేదు. వెనుక వెండి రేకు మీద చీమల బారులా ఉన్న అక్షరాలను అమ్మాయి ఫోనులో ఫొటో తీసి, పెద్దవి చేసి పైకి చదివింది: పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు, ఫినైల్‌ఎఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమైన్ మాలియేట్ 2. ఒక్క బిళ్ళలో మూడు మందులు.

పారాసెటమాల్ జ్వరానికి, నొప్పులకు. మన అమెరికా సీసాల మీద అసిటమినోఫెన్ అని ఉండేది ఇదే. క్లోర్‌ఫెనిరమైన్ తుమ్ములను, కారే ముక్కును ఆపుతుంది, మత్తు తెస్తుంది. ఫినైల్‌ఎఫ్రిన్ ముక్కు దిబ్బడకు. అయితే ఇది నోటి ద్వారా తీసుకుంటే పనిచేయదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం 2023లో తేల్చింది. 2024లో ఎఫ్‌డీఏ దాన్ని చీటీ లేకుండా అమ్మే జలుబు మందుల్లోంచి తీసేయాలని ప్రతిపాదించింది కూడా.

ఇదంతా వింటున్న మా నాన్నగారు పొద్దున అదే బిళ్ళ వేసుకున్నారు. ఒళ్ళు నొప్పులని డోలో 650 కూడా పక్కన పెట్టుకున్నారు. "తాతయ్యా, దీంట్లోనూ పారాసెటమాలే ఉంది" అంది అమ్మాయి ఆ అట్ట తిప్పి చూసి. నేను ఎక్కువ భయపడేది దీనికే. జలుబు బిళ్ళలు రోజుకు నాలుగంటే 2,000 మిల్లీగ్రాములు, వాటికి తోడు నాలుగు డోలోలంటే మరో 2,600. మొత్తం 4,600. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకే రోజుకు 4,000 దాటకూడదు. దాటితే దెబ్బతినేది కాలేయం, అదీ మొదటి రోజున పైకి తెలియకపోవచ్చు. మద్యం అలవాటున్నవారికి, కాలేయం బలహీనంగా ఉన్నవారికి హద్దు ఇంకా తక్కువ. పైగా నాన్నగారికి బీపీ ఉంది. ఫినైల్‌ఎఫ్రిన్ దాన్ని పెంచగలదు. ప్రొస్టేట్ వాపు ఉన్నవాళ్ళకు క్లోర్‌ఫెనిరమైన్ వల్ల మూత్రం ఆగిపోవచ్చు. ఆ మత్తులో రాత్రి బాత్రూముకు లేచి పడిపోయే పెద్దవాళ్ళూ ఉంటారు. నాన్నగారు డోలోను డబ్బాలో పెట్టేసి డాక్టరుకు ఫోను చేశారు.

ఇక పిల్లలకు సగం బిళ్ళ సంగతి. పిల్లల మోతాదు బరువును బట్టి లెక్కకడతారు, విరిచి కాదు. సగం బిళ్ళ మింగిన పిల్లకు సాయంత్రం ఒళ్ళు వెచ్చబడితే ఇంకొకరు జ్వరం సిరప్ పడతారు, పారాసెటమాల్ రెండుసార్లు పడుతుంది. మా చిన్నవాడికి మూడేళ్ళు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద ముద్రించాలని మన దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే ఆదేశించింది. విమానంలో పిల్లలు పడుకుంటారని జలుబు మందు పట్టే తల్లులను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. నిద్ర కోసం ఇచ్చే మందు కాదది, కొందరు పిల్లలు దానితో మరింత చిరాకుపడతారు కూడా.

మందు ఆపితే అమ్మమ్మకు పని లేకుండా పోలేదు. మామూలు జలుబు వారం పది రోజుల్లో తానే తగ్గుతుంది, ఏ బిళ్ళా దాన్ని ముందుగా తగ్గించదు. మా అమ్మ మిరియాల చారు పెట్టింది, పడుకునే ముందు పసుపు పాలిచ్చింది. ఏడాది దాటిన పిల్లలకు దగ్గు వస్తే చెంచాడు తేనె మంచిది, ఏడాదిలోపు వాళ్ళకు తేనె నాకించకూడదు. ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేశాం. మరిగే నీళ్ళ గిన్నె మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టడం మాత్రం పిల్లలకు వద్దన్నాను. గిన్నె ఒలికి ఒళ్ళు కాలితే జలుబు కన్నా పెద్ద కష్టం. పిల్ల ఆయాసపడుతున్నా, నీళ్ళు తాగకపోయినా, చెవి నొప్పన్నా, జ్వరం మూడు రోజులు దాటినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మూడు నెలలలోపు బిడ్డకైతే జ్వరం వచ్చిన గంటే వెళ్ళాలి.

మెడికల్ షాపులో "జలుబుకు బిళ్ళ ఇవ్వండి" అని ఊరుకోకండి. ఎవరికో, వయసెంతో, బీపీ ఉందో లేదో, ఇప్పటికే ఏమేం వేసుకుంటున్నారో చెప్పండి. అట్ట కత్తిరించేటప్పుడు మందుల పేర్లు, గడువు తేదీ ఉన్న వైపు మీకే ఇమ్మని అడగండి. కుదరకపోతే అట్ట మొత్తం కొనండి, పది బిళ్ళల ఖర్చు పెద్దదేమీ కాదు.