పెదనాన్న చావిడి

పెదనాన్న పోయి వారం దాటింది. పొద్దున చావిట్లో పేడ ఎత్తి, కుడితి పెట్టి, జొన్న చొప్ప నరికి వేసేసరికి ఎనిమిదైంది. ఆయన ఈ పనంతా తెల్లారకముందే ముగించేవాడు. గుండె ఆగింది కూడా ఈ చావిట్లోనే, నులకమంచం మీద, నిద్రలో.

మాట తక్కువ మనిషి. పెళ్లికొచ్చినా భోజనం కాగానే "పశువులు చూస్తుంటాయి" అని లేచేవాడు. ఒంగోలు కోడెల గురించి అడిగితే మాత్రం దగ్గరికి రమ్మని పిలిచేవాడు. మూపురం ఎలా ఉండాలి, గంగడోలు ఎంత వేలాడాలి, వయసొచ్చిన గిత్తకి మెడ మీద బూడిద రంగు ఎలా తేలుతుంది, అన్నీ చేత్తో తాకి మరీ చూపించేవాడు. కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు లేకపోతే ఆ దూడ ఆయనకి ఆనేది కాదు.

మన ఒంగోలు జాతే 19వ శతాబ్దంలో ఓడెక్కి బ్రెజిల్ చేరింది. అక్కడ దాన్ని నెలోర్ అంటారు. ఆ దేశపు పశువుల్లో సింహభాగం ఇప్పుడు అదే. 2023 వేలంలో వయాటినా-19 అనే ఆవు విలువ 43 లక్షల డాలర్లని తేలింది. ఆ ఫొటో ఫోన్లో చూపిస్తే పెదనాన్న చాలాసేపు చూసి, "బాగా మేపుతున్నారు" అన్నాడు. ధర ఊసే ఎత్తలేదు.

నాకు మాత్రం కడుపు మండుతుంది. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్ల అవసరం పోయింది. పాలకైతే గేదెలే నయమని ఊళ్లో ఒక్కొక్కరే ఆవుల్ని అమ్మేశారు. లాం, చదలవాడ పశుక్షేత్రాల్లో ప్రభుత్వం జాతిని కాపాడుతోంది, సంతోషమే. కానీ ప్రతి ఈతా గుర్తుపెట్టుకుని, మంచి గిత్త కోసం పక్క మండలం దాకా ఆవును తోలుకెళ్లే రైతు ఊరికొకడైనా ఉండాలి కదా! మా ఊళ్లో ఆ ఒక్కడూ ఈయనే.

సాయంత్రం బేరగాడొచ్చాడు. పెద్దమ్మ గుమ్మం దిగకుండానే, "చూడి ఆవుని కోతకివ్వనయ్యా, సాకేవాళ్లకైతేనే ఇస్తా" అని పంపేసింది. గుండ్లకమ్మ అవతల ఒకాయన జాతి పశువుల్ని పెంచుతున్నాడట. రేపు ఆయనకి ఫోన్ చేయాలి. కోడెని మాత్రం అమ్మొద్దన్నాను. దాని మేత, ఉలవలు, పాలేరు జీతం నేను చూసుకుంటాను. "నాలుగు రోజులు ఆలోచించుకోరా" అంది పెద్దమ్మ.