కంచంలో వాటాలు మార్చుకున్నాను: నా అనుభవం

షుగరు కోసం చేసే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో నాకు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు ఇంకా రాలేదుగానీ వచ్చే దారిలో ఉందని లెక్క. 6.5 నుంచి వచ్చేసినట్టే. మా నాన్నకీ పెద్దమ్మకీ షుగరు ఉంది. వాళ్ల అవస్థ దగ్గరుండి చూసినదాన్ని, నలభై రెండేళ్లకే ఆ వరసలో చేరకూడదని గట్టిగా అనుకున్నాను. డాక్టరు గారు మందులేమీ రాయలేదు. "తిండి మార్చుకుని, రోజూ నడవండమ్మా. మూడు నెలలాగి మళ్లీ చూద్దాం" అన్నారు. ఆ పరీక్షలో తెలిసేది దాదాపు గడిచిన మూడు నెలల సగటు కాబట్టి ఆ గడువు.

ఆఫీసులో కుర్రవాళ్లు క్లీన్ ఈటింగ్ అంటూ ఓట్స్, చియా గింజలు, అవకాడో గురించి చెబుతారు. తెనాలిలో, అత్తయ్యకీ ఆయనకీ కాలేజీకెళ్లే అబ్బాయికీ ఒకే పొయ్యి మీద వండే ఇంట్లో అవి ఎన్నాళ్లో సాగవు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు తెచ్చుకుని చదివాను. 2000 కేలరీలు కావాల్సిన మనిషికి రోజుకి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400, పళ్లు 100, పప్పులూ గుడ్లూ మాంసం కలిపి 85, గింజలు 35, నూనె 27 గ్రాములు. పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు. ఇవి వండకముందు తూకాలు.

వంటింట్లో తూకం పెట్టి చూశాను. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పుకి దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి. మధ్యాహ్నం ఒక్క పూట నేను తినేదే అంతకు పైన ఉంది. పొద్దున ఇడ్లీరవ్వ, రాత్రి మళ్లీ అన్నం. కూర మాత్రం కంచం అంచున రెండు గరిటెలు. మన భోజనంలో పప్పు ఉంది, ఆకుకూర ఉంది, పెరుగు ఉంది. బయటినుంచి కొత్తగా తేవాల్సింది ఏమీ లేదు. ఉన్నవాటి వాటాలు మార్చాలి, అంతే.

ముందు ఒక గిన్నెడు కూర ఉత్తదే తినడం మొదలుపెట్టాను. బీరకాయ, సొరకాయ, దొండకాయ, ఏదుంటే అది. తరవాత పప్పు ఎక్కువగా, అన్నం తక్కువగా. ఉత్త కూర మొదట్లో తినబుద్ధి కాలేదు. అన్నంలో కలుపుకుంటామని మనం కూరలో ఉప్పూ కారం ఎక్కువే వేస్తాం. అవి సగానికి తగ్గించి వండితే కూరకి దాని సొంత రుచి తెలిసింది. దీనివల్ల ఇంకో మేలూ జరిగింది. మనిషికి రోజుకి 5 గ్రాములు మించకూడదనే ఉప్పు మా ఇంట్లో ఎంత వాడుతున్నామో లెక్కకొచ్చింది. ఆవకాయ మానలేదు, రోజూ వేసుకోవడం మానేశాను. దాని బదులు దోసకాయ, బీరపొట్టు రోటి పచ్చళ్లు.

అత్తయ్య కంగారుపడ్డారు. "అన్నం తినకపోతే ఓపికెక్కడినుంచి వస్తుందే అమ్మాయ్?" అని రోజూ అడిగేవారు. "మానలేదత్తయ్యా, తగ్గించాను" అనేదాన్ని. ఒకరోజు కొర్రలు తెచ్చేసరికి ఆవిడ ముఖం మారిపోయింది. ఆవిడ పుట్టిల్లు గురజాల వైపు. 1967లో సాగర్ కాలువ నీళ్లు వదలకముందు వాళ్ల ఇళ్లల్లో జొన్నన్నం, కొర్రన్నం, వరిగన్నమేనట. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. ఇక పెత్తనం ఆవిడదే అయింది. నేను తెచ్చినవి చేతిలో పోసుకుని చూసి, "ఇవి మరీ పాలిష్ పట్టారు, పై పొరంతా పోయింది, మార్చుకురా" అన్నారు. నాలుగైదు గంటలు నానాలని, ఒకటికి రెండున్నర నీళ్లు పోసి దించాక మూత తియ్యకుండా కాసేపు ఉంచాలని నేర్పారు. నానకపోతే గొంతు పడుతుందట. ఆవిడ చెప్పినట్టు చేస్తే పప్పుచారులోకి ఎంతో బాగుంటుంది.

గ్లూకోమీటర్ కొనడం నేను చేసిన మంచి పని. తిన్న రెండు గంటలకి వేలి చివర ఒక చుక్క తీసి చూసుకుంటే మన ఒంటికి ఏది పడుతుందో మనకే తెలుస్తుంది. నాకు ఇడ్లీ తిన్నరోజు 140 దాటేది. పొట్టుతో ఉన్న పెసలు రుబ్బి పోసిన పెసరట్టు, అల్లం పచ్చడితో తింటే ఎప్పుడూ దాటలేదు. కొర్రన్నమైనా కడుపునిండా తింటే పెరిగింది. చిరుధాన్యాల మీద ఇప్పుడు చాలామందికి మందులన్నంత నమ్మకం ఉంది. పీచు ఎక్కువ, తొందరగా కడుపు నిండుతుంది, నిజమే. కానీ అవీ ధాన్యాలే, ఆ 250 గ్రాముల్లోకే వస్తాయి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. మందు అంతే ఉండి తిండి తగ్గితే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ప్యాకెట్ల సంగతి తేలిగ్గానే తేలింది. వెనక రాసే పదార్థాల పేర్లు బరువు ప్రకారం, ఎక్కువున్నది ముందుగా ఉంటాయి. మల్టీగ్రెయిన్ అని పెద్దక్షరాలతో ఉన్న బిస్కెట్లకి మొదటి పేరు మైదా, తరవాత చక్కెర, పామాయిల్. అవి కొనడం మానేశాం. సాయంత్రం వేయించిన శనగలు, వేరుశనగలు, జామకాయ. ఆఫీసులో టీ చక్కెర లేకుండా. దానికి అలవాటుపడటమే నాకన్నిటికంటే కష్టమైంది. భోజనానికి గంట ముందు, గంట తరవాత టీ కాఫీలు తాగకపోతే ఆకుకూరల్లో ఇనుము ఒంటికి పడుతుంది, అదీ పాటిస్తున్నాను. రాత్రి తిన్నాక కాలువగట్టు మీద నేనూ ఆయనా నడుస్తాం.

మూడు నెలలకి 5.8, ఆ తరవాతి పరీక్షలో 5.6. నడుము చుట్టుకొలత 91 సెంటీమీటర్ల నుంచి 84కి వచ్చింది. ఆడవాళ్లకి 80 లోపు ఉండాలంటారు, ఇంకా ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో ముంచుకొచ్చే నిద్ర పోయింది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు బాగా దిగాయి. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం కదల్లేదు. దానికి తిండే కాదు, వంశం కూడా కారణం కావచ్చన్నారు డాక్టరు గారు. ఇంకొంతకాలం చూసి మాత్ర సంగతి ఆలోచిద్దామన్నారు. అందుకని ఇప్పుడు నూనె లెక్క పెట్టాను. మనిషికి 27 గ్రాముల చొప్పున నలుగురికి నెలకి మూడున్నర లీటర్లు. మేం అయిదు వాడుతున్నాం. వేపుళ్లు ఆదివారానికి పరిమితం చేద్దామంటే అబ్బాయి ఒప్పుకున్నాడు. అత్తయ్యతో ఇంకా మాట్లాడాలి.