ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు

2024 జనవరి చివరి వారంలో, టెక్సస్ రాష్ట్రంలోని రిచర్డ్‌సన్ పట్టణంలో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డల్లాస్ నుంచి నాకు ఎమ్మెస్ ప్రవేశ పత్రం వచ్చింది. ఇంట్లో అందరూ విమాన టికెట్ల గురించి, సూట్‌కేసుల గురించి మాట్లాడుకుంటున్న ఆ రాత్రే నేను ఐ-20 కోసం, అంటే విద్యార్థి వీసాకు విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం కోసం, దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను. మొదటి గడిలోనే ఇంటిపేరు అడిగారు. పాస్‌పోర్టు తెరిచి చూస్తే ఇంటిపేరు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఇంటర్ చదివేటప్పుడు ఖమ్మంలోని ఒక నెట్ సెంటర్‌లో తీయించిన పాస్‌పోర్టు అది. అక్కడ దరఖాస్తు నింపిన అబ్బాయి, పదో తరగతి మెమోలో ఉన్నట్టుగా ఇంటిపేరునూ నా పేరునూ కలిపి మొత్తం ఒకే గడిలో రాసేశాడు. ఆరేళ్లపాటు ఆ సంగతి మాలో ఎవరూ గమనించలేదు.

ఇది చిన్న పొరపాటు కదా అనుకుని దాటేసేదాన్నే. అదే విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా సీనియర్ అక్కకు ఆ పేజీ ఫొటో పంపితే, ఆమె వెంటనే ఫోన్ చేసి, "ఈ పాస్‌పోర్టుతో రాకు, ముందు దీన్ని సరిచేయించుకో" అని గట్టిగా చెప్పింది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసా పత్రాలలో, పాస్‌పోర్టులో ఉన్న పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్తుంది, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అనే మూడు అక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అక్క స్నేహితురాలికి వీసా మీద అలాగే వచ్చింది. బ్యాంకు ఖాతాలోనూ, అపార్ట్‌మెంట్ ఒప్పందంలోనూ, తరగతి హాజరు జాబితాలోనూ ఆమెను ఆ మూడు అక్షరాలతోనే పిలుస్తూ వచ్చారట. అమ్మానాన్న పెట్టిన పేరు ఉండగా ఆ పేరు తెలియదని రాసిన కాగితంతో కొత్త దేశంలో అడుగుపెట్టడం నాకు ఎంత మాత్రం ఇష్టం లేకపోయింది.

తెలుగువారి ఇళ్లలో ఈ చిక్కు చాలామందికి ఉంటుంది. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, కొన్నిచోట్ల ఒక్క అక్షరానికి కుదిస్తాం, కొన్నిచోట్ల వదిలేస్తాం. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బీటెక్ ప్రొవిజనల్‌లో ఒక్క అక్షరమే ఉంది, ఆధార్‌లో చివర ఉంది. మన ఊళ్లో ఈ మూడూ ఒకే మనిషివని ఎవరికైనా అర్థమవుతుంది. సముద్రం అవతల పేరును రెండు గడులుగా విడదీసి చూసే కంప్యూటరుకు అర్థం కాదు.

అందుకే ఐ-20 దరఖాస్తును పక్కన పెట్టి, ముందు పాస్‌పోర్టు రీఇష్యూకు వెళ్లాను. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయల రుసుము కట్టి, హైదరాబాద్ బేగంపేటలోని పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అపాయింట్‌మెంటు తీసుకున్నాను. నేను అడుగుతున్నది పేరు మార్పు కాదు, ఉన్న పేరునే రెండు భాగాలుగా విడదీయడం. కౌంటరులో ఉన్న అధికారి మెమోనూ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి చూసి, "ఇదొక్కటేనా తల్లీ, ఇంకేమైనా మార్చాలా, ఇప్పుడే చెప్పు" అని అడిగి, తల్లిదండ్రుల పేర్లను కూడా అక్షరం అక్షరం నా చేత చదివించారు. ఆ నాలుగు నిమిషాల ఓపికను నేను మరచిపోలేను. పోలీసు విచారణ పూర్తయి కొత్త పాస్‌పోర్టు మార్చి నెలలో ఇంటికి వచ్చింది. పాతదాన్ని రద్దు చేసి తిరిగి ఇచ్చారు. టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష స్కోరు పాత పాస్‌పోర్టులోని పేరుతోనే ఉన్నందువల్ల, రెండు పాస్‌పోర్టుల ప్రతులనూ జతచేసి విశ్వవిద్యాలయానికి మెయిల్ రాశాను. వారు తమ రికార్డులో పేరును సవరించి, సవరించినట్టు నాకు తెలియజేసిన తరువాతే ఐ-20 దరఖాస్తు పంపాను.

ఐ-20 ఇవ్వాలంటే మొదటి ఏడాది చదువుకూ బతుకుకూ అయ్యే ఖర్చుకు సరిపడా డబ్బు ఉందని చూపించాలి. మా దగ్గర ఉన్నది ఇల్లు, కొద్దిగా పొలం, నాన్న జీతం. ఒక కన్సల్టెన్సీ మనిషి మా ఇంటికే వచ్చి, కొంత కమిషన్ ఇస్తే నాన్న ఖాతాలో కొన్ని రోజులపాటు డబ్బు వేసి బ్యాలెన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తామని, అందరూ చేసేది ఇదేనని చెప్పాడు. నాన్న మర్యాదగానే కాఫీ ఇచ్చి పంపించారు. ఆ నిర్ణయం ఎంత సరైనదో ఇంటర్వ్యూ రోజు నాకు తెలిసింది. మీ డబ్బు ఎక్కడిది అని అడిగితే, జరిగినదే చెప్పగల స్థితిలో నేను ఉన్నాను. మనది కాని డబ్బును మనదిగా చూపించి వెళ్లిన పిల్లలు రెండో సెమిస్టరు ఫీజుకు ఎంత నలిగిపోతారో నేను ఇక్కడికి వచ్చాక కళ్లారా చూశాను. ఈ విషయంలో మాత్రం ఎవరు ఏమి చెప్పినా వినవద్దని మా ఊరి పిల్లలకు ఇప్పటికీ చెబుతూ ఉంటాను.

విద్యా రుణం 7.5 లక్షలు దాటితే ప్రభుత్వ రంగ బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. పొలం పనికిరాదన్నారు, ఇంటి కాగితాలు తెమ్మన్నారు. ఇంటి మీద వేరే అప్పులు, తాకట్లు లేవని చూపే ఈసీ తీయించాం, లాయరు అభిప్రాయం, విలువ కట్టే ఇంజనీరు సందర్శన అన్నీ అయ్యాయి. ఇక మంజూరు కావడమే తరువాయి అనుకుంటున్న సమయంలో మళ్లీ పేరే అడ్డు వచ్చింది. ఇంటి దస్తావేజులో నాన్న పేరుకు ముందు ఒక్క అక్షరం ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆ ఇద్దరూ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద నోటరీ అఫిడవిట్ ఇచ్చేదాకా ఫైలు కదలలేదు. అందులోనే మూడు వారాలు గడిచిపోయాయి. మొదటి రోజే మాకు ఆ మాట చెప్పి ఉంటే ఒక్క పూటలో అయిపోయే పని అది. రుణం మంజూరు పత్రం ఏప్రిల్ మధ్యలో వచ్చింది, నెలాఖరుకు ఐ-20 మెయిల్‌లో వచ్చింది. దాన్ని ప్రింటు తీసి ముందు నా పేరు చూసుకున్నాను. ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, పేరు గడిలో పేరు ఉన్నాయి. సంతకం చేసి దాచుకున్నాను.

తరువాతి పనులు ఒకదాని వెంట ఒకటి నడిచాయి. విదేశీ విద్యార్థుల వివరాలను అమెరికా ప్రభుత్వం నమోదు చేసే సెవిస్ అనే వ్యవస్థకు రుసుము 350 డాలర్లు కట్టి రసీదు తీసుకున్నాను. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారాన్ని ఎవరికీ అప్పగించకుండా రెండు రాత్రులు కూర్చుని నేనే నింపాను, వీసా రుసుము 185 డాలర్లు కట్టాను. ఇంటర్వ్యూ స్లాటు దొరకడానికి చాలా రోజులు ఎదురుచూడవలసి వచ్చింది. వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో ఉన్న వీసా దరఖాస్తు కేంద్రంలో తీసుకున్నారు. జూన్‌లో నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటులో ఇంటర్వ్యూ జరిగింది. ఆ భవనం 2023 మార్చిలోనే తెరుచుకుంది, అంతకుముందు కాన్సులేటు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది. నన్ను మూడు ప్రశ్నలే అడిగారు. ఈ కోర్సు ఎందుకు, ఖర్చు ఎవరు భరిస్తారు, నాన్నగారు ఏమి చేస్తారు అన్నవి. ఫైలులోని కాగితాలు ఒక్కటీ చూడలేదు. అన్ని నెలలుగా కూడబెట్టిన కాగితాలను ఎవరూ చూడనందుకు నాకు నిరాశ కలగలేదు, ఎందుకంటే వాటిని సమకూర్చుకునే క్రమంలోనే ఆ మూడు ప్రశ్నలకూ తడబడకుండా జవాబు చెప్పగలిగే స్పష్టత నాకు వచ్చింది.

టీకాల సంగతి చాలామంది ఆఖరున గుర్తుతెచ్చుకుంటారు, నేనూ కొంత ఆలస్యమే చేశాను. టెక్సస్ రాష్ట్ర చట్టం ప్రకారం 22 ఏళ్లలోపు వయసుండి కొత్తగా చేరే విద్యార్థులు తరగతులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు మెనింజైటిస్ టీకా వేయించుకుని ఉండాలి. నాకు అప్పటికి 21. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసుల మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. చిన్నప్పటి టీకా కార్డు మా అమ్మ ఎంత వెతికినా దొరకలేదు కనుక ఆ రెండు డోసులనూ మళ్లీ మొదటి నుంచీ వేయించుకోవలసి వచ్చింది. మే నెలలో మొదటిది వేయించుకోకపోయి ఉంటే, ప్రయాణానికి ముందు రెండోది కుదిరేదే కాదు. క్షయ పరీక్షకు డాక్టరుగారు చర్మం మీద చేసే పరీక్ష వద్దని, రక్త పరీక్ష చేయించుకోమని సలహా ఇచ్చారు. పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ టీకా వేయించుకున్న మనలాంటి వారికి చర్మ పరీక్షలో జబ్బు లేకపోయినా ఉన్నట్టు ఫలితం రావచ్చునని ఆయన వివరించారు.

డబ్బు పంపే దగ్గర ఇంకొక లెక్క తేలింది. ఆ ఏడాది నిబంధనల ప్రకారం చదువు కోసం విదేశాలకు పంపే సొమ్ము ఏడు లక్షలు దాటితే, దాటిన దాని మీద సొంత డబ్బుకు 5 శాతం, బ్యాంకు రుణానికి 0.5 శాతం టీసీఎస్ అనే పన్నును ముందుగా వసూలు చేసేవారు. అందువల్ల ఫీజునంతా రుణం ఖాతా నుంచే నేరుగా విశ్వవిద్యాలయానికి పంపించాం. 2025 ఏప్రిల్ నుంచి రుణం మీద ఆ వసూలును తీసివేశారు.

సామాను సర్దడంలో అమ్మకూ నాకూ మధ్య నాలుగు రోజులు వాదన నడిచింది. చెరి 23 కిలోల సూట్‌కేసులు రెండు. అమ్మ సోనామసూరి బియ్యం ఐదు కిలోలు, ఎండబెట్టిన శనగలు, పెరటి చెట్టు కరివేపాకు పక్కన పెట్టింది. మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యాన్నీ శనగలనూ సామానులో తీసుకువెళ్లడాన్ని అమెరికా వ్యవసాయ నిబంధనలు ఒప్పుకోవు, ధాన్యాన్ని నాశనం చేసే ఖాప్రా పురుగు వాటిలో ఉంటుందన్న భయమే దానికి కారణం. కరివేపాకు నిమ్మజాతికి దగ్గరి చెట్టు, నిమ్మ, నారింజ తోటలకు తెగులు మోసుకెళ్లే పురుగు దాని మీద బతుకుతుంది కనుక పచ్చి ఆకును అసలు రానివ్వరు. ఈ కారణాలు చెప్పాక అమ్మ, తానూ రైతు బిడ్డే కనుక, ఒక్క మాట అనకుండా ఆకును తీసి పులుసులో వేసింది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు మాత్రం మూడు పొరల కవర్లలో బిగించి, పైన పేర్లు రాసి పెట్టింది. విమానాశ్రయంలో ఆహారం ఉందా అంటే ఉందని చెప్పడమే మంచిదని అక్క ముందే హెచ్చరించింది. ఐ-20, సెవిస్ రసీదు, రుణ పత్రం, టీకా ధ్రువపత్రాలు అన్నీ చేతి సంచిలోనే ఉంచుకున్నాను.

ఐ-20లో రాసిన కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు ఆ దేశంలోకి అనుమతించరు. నేను ఆగస్టు మొదటి వారంలో శంషాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ చేరాను. అంతకుముందు ఏడాది ఆగస్టులో కొందరు మన విద్యార్థులను అక్కడి విమానాశ్రయాల నుంచే వెనక్కి పంపిన వార్తలు మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. అందుకే వరుసలో నిలబడినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంది. అధికారి ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్సు, ఎక్కడ ఉంటారు అని అడిగి, వేలిముద్రలు తీసుకుని, పాస్‌పోర్టు మీద స్టాంపు వేసి విద్యార్థి వీసా తరగతి ఎఫ్-1 అనీ, పక్కన డి/ఎస్ అనీ రాశారు. ఏ తేదీ వరకు ఉండవచ్చో రాయలేదు, విద్యార్థిగా నియమాలు పాటిస్తున్నంత కాలం ఉండవచ్చునని ఆ రెండు అక్షరాల అర్థం. సామానులో పచ్చళ్లు ఉన్నాయని నేనే చెప్పాను. మాంసం ఉందా అని అడిగి, లేదనగానే వెళ్లమన్నారు.

అక్క గదిలో దిగిన మరునాటి ఉదయం చేసిన మొదటి పని, దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే ఐ-94 పత్రాన్ని ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి దించుకోవడం. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, వీసా తరగతి ఒక్కొక్కటిగా పాస్‌పోర్టుతో పోల్చి చూశాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ పేజీ ఫొటో నాన్నకు పంపితే, అక్కడ రాత్రి పది గంటలు దాటినా మేలుకునే ఉండి, కళ్లజోడు తెప్పించుకుని ఇంటిపేరును పైకి చదివారు. మధ్యాహ్నం కామెట్ క్రూజర్ బస్సు ఎక్కి క్యాంపస్‌కు వెళ్లి, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో చెక్-ఇన్ పూర్తిచేసి, ఉంటున్న చిరునామాను నమోదు చేయించుకున్నాను. సొంత గది దొరికి మారినప్పుడు 10 రోజుల లోపల కొత్త చిరునామా తెలపాలని అక్కడి ఉద్యోగిని రెండుసార్లు చెప్పి పంపించారు. తరగతులు మొదలైన తరువాత నా సెవిస్ రికార్డు యాక్టివ్ అయినట్టు మెయిల్ వచ్చింది.