రెండు రింగులిచ్చి పెట్టేస్తే నేనే

మా అక్కకి డెబ్బై నాలుగేళ్లు. రేపల్లె దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను. మేనల్లుడు రెండుసార్లు టచ్ ఫోన్ కొనిచ్చాడు, రెండూ బీరువాలో చీరల కింద ఉన్నాయి. "నొక్కితే టక్కుమనాలిరా, లేకపోతే నొక్కినట్టు నాకెట్టా తెలిసుద్ది?" అంటుంది.

2025 మే నెలలో మా అబ్బాయి దగ్గరికి అమెరికాలో డల్లాస్ బయల్దేరినప్పుడు నా టెన్షనంతా ఈ ఒక్క ఫోన్ గురించే. మిగతా అందరికీ వాట్సాప్ ఉంది. మా ఆవిడ అక్కడికెళ్లినా చెల్లెళ్లతో వీడియోలో మాట్లాడుతూనే చారు పోపు పెట్టేస్తుంది. అక్కకి మాత్రం మామూలు నంబరుకే చెయ్యాలి. పదకొండు వారాలు.

నేను 1984లో తెనాలి ఎక్స్ఛేంజీలో ఆపరేటర్‌గా చేరాను. వేరే ఊరికి ఆపరేటర్ కలిపే ట్రంక్ కాల్ బుక్ చేసి జనం గంటలు గంటలు బెంచీ మీద కూర్చునే రోజులు. అర్జెంట్‌కి రెట్టింపు రేటు, అన్నిటికన్నా ముందు కలిపే లైట్నింగ్ కాల్‌కి ఎనిమిది రెట్లు. 2020 జనవరి 31న స్వచ్ఛంద విరమణ (వీఆర్‌ఎస్) తీసుకుని బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి బయటికొచ్చిన 78 వేల పైచిలుకు మందిలో నేనూ ఒకణ్ణి. అంత సర్వీసున్న నాకు కూడా అమెరికా నుంచి రేపల్లెకి చవగ్గా ఫోన్ చెయ్యడం ఎలాగో మళ్లీ నేర్చుకోవాల్సొచ్చింది. 2019లో వెళ్లినప్పుడు స్కైప్ అనే ఇంటర్నెట్ కాల్స్ యాప్‌లో డబ్బులు వేసుకుని మాట్లాడేవాణ్ణి. అది 2025 మే 5న మూతపడింది. మేము విమానం ఎక్కింది ఆ తర్వాతి వారం!

మా అబ్బాయి "నెలకి ఆరేడు డాలర్లకి అన్‌లిమిటెడ్ ప్లాన్లున్నాయి నాన్నా, ఒకటి తీసేసుకో" అన్నాడు. అన్‌లిమిటెడ్ అన్నమాట వింటే నాకు చిన్నప్పట్నుంచీ అనుమానమే. కాగితం తీసుకుని లెక్కేశాను. అక్కతో వారానికి రెండుసార్లు, ఆవిడ ఆరు నిమిషాలు దాటి మాట్లాడదు ("బిల్లు అవుద్ది, పెట్టెయ్"). ఎప్పుడన్నా ఒకసారి బ్యాంకు. ఇంతే. దీనికి నెలసరి ప్లాన్ ఎందుకు? బ్యాలెన్స్ వేసుకుని మాట్లాడినంతకే తెగే యాప్ చాలు. అయిదు డాలర్లు వేశాను. వేసేటప్పుడు "బ్యాలెన్స్ తగ్గితే దానంతటదే రీచార్జ్" అని ఒక టిక్ ముందే పెట్టి ఉంది. అది తీసేశాను. మీరూ ముందు ఆ టిక్కు కోసమే చూడండి.

రేటు చూడ్డం కూడా ఒక విద్యే. ఒకదాంట్లో నిమిషానికి సెంటున్నర అని పెద్దక్షరాల్లో ఉంది, కింద చిన్నక్షరాల్లో కాల్ కలిసిన ప్రతిసారీ కనెక్షన్ ఫీజు. ఆరు నిమిషాల మనిషికి అది గిట్టదు. ఇంకోదాంట్లో రెండు సెంట్లు, ఫీజు లేదు. అదే తీసుకున్నాను. నిమిషం మీద ఒక్క సెకను దాటినా ఇంకో నిమిషం కట్ అవుతుంది కాబట్టి గడియారం చూసుకుంటూ మాట్లాడటం నాకు కొత్తేమీ కాదు.

అసలు డబ్బెందుకు, వాట్సాప్ ఫ్రీ కదా అని మా కోడలు అడిగింది. వాట్సాప్ కాల్ మొదట్నుంచి చివరిదాకా ఇంటర్నెట్ మీదే పోతుంది. అక్క ఫోన్‌కి చేసే కాల్ ఇండియా దాకా ఇంటర్నెట్‌లో వచ్చినా చివర్లో మామూలు టెలిఫోన్ నెట్‌వర్క్‌లోకి దిగాలి. అలా దించుకున్నందుకు ఇండియాలోని ఫోన్ కంపెనీ నిమిషానికి ఇంతని పుచ్చుకుంటుంది. 2020లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని 35 పైసల నుంచి 65 పైసల మధ్య ఉండాలని పెట్టింది. అంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. ఏ నంబరుకైనా పూర్తిగా ఫ్రీ అన్న యాప్ కనిపిస్తే, మన కాంటాక్టులన్నీ తీసుకుపోయి ఎవరికి అమ్ముతుందో అని నాకు భయం. రెండు సెంట్లు కట్టేస్తే మర్యాదగా ఉంటుంది.

అన్నట్టు, దారిలో దుబాయ్‌లో దిగినప్పుడు వాట్సాప్ కూడా పనికిరాలేదు. ఎయిర్‌పోర్ట్ వైఫైలో మెసేజ్ పోతుంది, కాల్ మాత్రం కలవదు. యూఏఈలో ఆ కాల్స్‌ని ఆపేస్తారు. "దిగాం, మళ్లీ ఎక్కుతున్నాం" అని రాసి పడేశాను.

ఇక డల్లాస్ నుంచి మొదటి కాల్. అక్కకి పొద్దున ఆరు, మాకు ముందురోజు రాత్రి ఏడున్నర. రింగవుతుంది, ఎత్తదు. మళ్లీ చేశాను, ఎత్తదు. మూడోసారి కట్ చేసింది! మేనల్లుడితో చెప్పించాను. అప్పుడు తెలిసింది, ఏదో కొత్త నంబరు కనపడుతుందట. పోలీసులమని చెప్పి వీడియోలో కూర్చోబెట్టి డబ్బు గుంజుతున్నారని ఊళ్లో అందరూ చెప్పుకుంటున్నారు, తెలీని నంబరు ఎత్తొద్దని మేనల్లుడే గట్టిగా చెప్పాడు. వాడు చెప్పింది తప్పని ఎలా అంటాను?

సరే, నా తెలివి చూపిద్దామని యాప్‌లో నా తెనాలి నంబరు నమోదు చేశాను. ఓటీపీ నా ఇండియా సిమ్‌కే వచ్చింది. ఇప్పుడు అక్కకి నా నంబరే కనపడాలి కదా. ఈసారి అసలు రింగే లేదు. నాలుగుసార్లు చేశాను, శబ్దం లేదు. మాతో పనిచేసి ఇంకా సర్వీసులో ఉన్న ఒకతన్ని అడిగితే నవ్వాడు. "గురువుగారూ, బయట్నుంచి +91 నంబరు వేసుకుని వచ్చే కాల్స్‌ని 2024 అక్టోబర్ నుంచి ఆపేస్తున్నారు కదా. దొంగలు వేసే వేషమే మీరూ వేశారు." నాకు సిగ్గేసింది. నమోదు చేసిన నంబరు తీసేశాను.

చివరికి పాత మిస్డ్ కాల్ పద్ధతే దిక్కయింది. రెండు రింగులిచ్చి పెట్టేస్తాను, మళ్లీ మోగితే నేనే అని చెప్పించాను. ఎత్తకపోతే డబ్బు తెగదు కాబట్టి ఖర్చూ లేదు. కానీ ఇంటర్నెట్ కాల్‌లో మనకి వినపడే రింగూ అవతల మోగే రింగూ ఒకటి కావు. నాకు రెండు వినపడితే అక్కకి ఒకటే మోగేది, ఒక్కోసారి మోగేదే కాదు. రింగులు లెక్కపెట్టడం మానేసి, మనసులో పదిహేను దాకా లెక్కపెట్టి పెట్టేసేవాణ్ణి. అప్పుడు కుదిరింది.

"ఏరా తమ్ముడూ, అక్కడ తెల్లారిందా?"

"లేదక్కా, ఇక్కడ ఇంకా నిన్నే."

"పెట్టెయ్ పెట్టెయ్, బిల్లు అవుద్ది."

బ్యాంకు సంగతి వేరు. పెన్షన్ ఖాతా కార్డు లాకైంది. కార్డు వెనక 1800తో మొదలయ్యే నంబరుంది, అది అమెరికాలో కొడితే అమెరికా వాళ్ల టోల్‌ఫ్రీకే పోతుంది. ముందు +91 పెట్టినా కలవలేదు. దాని కిందే విదేశాల నుంచి చెయ్యడానికి ఇంకో నంబరు చిన్నగా ఉంది. అది కలిసింది. తెలుగుకి మూడు నొక్కమంది, నొక్కాను, మళ్లీ నొక్కమంది. ఇంటర్నెట్‌లో గొంతుని కుదించి పంపేటప్పుడు బటన్ల టోన్ చెడిపోతుంది, దాన్ని విడిగా పంపాలి. ఫోన్ కీప్యాడ్ కాకుండా యాప్ లోపలి కీప్యాడ్ తెరిచి నొక్కితే పట్టింది. ఆ తర్వాత 34 నిమిషాలు సంగీతం విన్నాను. 68 సెంట్లు. అక్కతో దాదాపు మూడు వారాల మాటలకి అయ్యేంత.

ఒకటి మర్చిపోతున్నా, అమెరికాలో అత్యవసరానికి చేసే 911కి ఈ యాప్‌లని నమ్ముకోకూడదు. దానికి మా అబ్బాయి ఇచ్చిన లోకల్ ఫోన్ పక్కనే పెట్టుకున్నాం.

మొత్తం అక్కతో 22 కాల్స్, 132 నిమిషాలు. బ్యాంకుతో కలిపి మూడు డాలర్ల ముప్పై రెండు సెంట్లు. ఇంకా డాలరూ అరవై ఎనిమిది సెంట్లు ఆ యాప్‌లో ఉన్నాయి. కొన్నాళ్లు వాడకపోతే అవి చెల్లకుండా పోతాయని మెయిల్ వచ్చింది.

ఆగస్టులో తెనాలి నుంచి నా సొంత నంబరుతోనే అక్కకి చేశాను. ఎత్తలేదు. ఒక నిమిషం ఆగి మళ్లీ చేస్తే ఎత్తింది. "మొదటిది ఎత్తకూడదన్నావుగా" అంది.