సుంకి ఘాట్‌లో మూడు గంటలు

సాలూరులో కోరాపుట్ మీదుగా ఒడిశాలోని జైపూర్ పోయే బస్సెక్కినప్పుడు నా ప్లాన్ వేరే. ఫ్రెండ్ ఇంట్లో పడుకుని మర్నాడు దుడుమ జలపాతం చూడాలి, అంతే. చూశాను, బానే ఉంది, ఫోటోలు ఫోన్లో ఉన్నాయి, రాయడానికేం లేదు. రాయాల్సిందంతా దారిలో సుంకి ఘాట్ కొండరోడ్డు మీద జరిగింది.

మలుపులో లారీ అడ్డంగా ఆగిపోయింది, ముందుకీ లేదు వెనక్కీ లేదు. నవంబరు చలి, ఆకలి. బ్యాగులో వైజాగ్‌లో కొన్న మిల్లెట్ బిస్కెట్ల ప్యాకెట్ ఉంది, గుప్పెడు బిస్కెట్లకి 120 రూపాయలు తీసుకున్నాడు, దొంగతనమే అది. పక్క సీటు పెద్దాయనకి రెండిచ్చాను. ఆయన ఒకటి కొరికి, ప్యాకెట్ తిప్పి చూసి, "మైదా ముందు రాసేడు బాబూ, చోడి ఎక్కడో అడుగునుంది" అన్నాడు. చోడి అంటే రాగే, మా వైపు మాట.

వాళ్ళ తాత బొబ్బిలి వైపు నుంచి జైపూర్ వచ్చేడట. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ చోడిని ఒడియాలో మాండియా అనేస్తాడు. ఒళ్ళో గుడ్డమూట. విప్పితే సాలూరులో అల్లుడి చేలో కోసిన చోడి వెన్నులు, సగం వెన్నులు మెడ దగ్గర నల్లబడి గింజ తాలుపోయి ఉన్నాయి.

"అగ్గితెగులు" అన్నాను. బీఎస్సీ అగ్రికల్చర్ చదివి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి, ఆ ఒక్క ముక్క గుర్తుంది.

"అదే. నీళ్ళు లేకపోయినా నెట్టుకొస్తాది గానీ, ఇది తగిలిందంటే పోయినట్టే."

మరి కొత్త రకాలెందుకు వెయ్యలేదన్నాను, మా విజయనగరం పరిశోధనా కేంద్రం నుంచే శ్రీచైతన్య, వేగావతి వచ్చాయి కదా అని కొంచెం గర్వంగానే. అక్కడితో ఆగకుండా కాలేజీ కథ మొదలెట్టాను. చోడి పువ్వు చాలా చిన్నది, వేరే పువ్వు పుప్పొడి లేకుండా దానికదే గింజకట్టేస్తుంది, రెండు రకాలు కలపాలంటే మొగ్గలో పుప్పొడి తీసెయ్యాలి, ఫోర్సెప్స్‌తో నేను తీసిన పది పువ్వుల్లో పదీ చచ్చిపోయాయి. అందుకే కొందరు వెన్నుని 52 డిగ్రీల వేడినీళ్ళలో కొన్ని నిమిషాలు ముంచి పుప్పొడిని చంపేస్తారు.

పెద్దాయన అంతా విని, "మీరు నీళ్ళలో ముంచుతారు, మా ఆడది కోతకి ముందే చేనంతా తిరిగి, తెగులు లేని బరువైన వెన్నులు ఏరి విత్తనానికి పక్కన పెడతాది, ముప్పై ఏళ్ళుగా అదే పని" అన్నాడు. కొత్త రకం ఒకటి వేసేడట కూడా, గింజ బానే పడింది గానీ గడ్డి పొట్టి, పశువులకి చాలలేదట. ఆ మాట నాకు ఏ క్లాసులోనూ తగల్లేదు. దిగుబడి అంటే గింజే అని రాసుకున్నాం మేం.

ఇప్పుడాయన వేస్తున్నది కుంద్ర బాటి. ఊళ్ళల్లో చేతులు మారుతూ వచ్చిన పాత విత్తనమే, దాన్ని పరీక్షించి ఒడిశా ప్రభుత్వం అధికారిక రకంగా విడుదల చేసింది, లక్ష్మీపుర్ కాలియా కూడా అలాగే వచ్చింది. 2017లో మొదలైన ఒడిశా ప్రభుత్వ పథకం మిల్లెట్ మిషన్ వాళ్ళు చెప్పాక చల్లడం మానేసి చిన్న నారుని ఒక్కో మొక్కగా, మొక్కకీ మొక్కకీ 25 సెంటీమీటర్లు వదిలి నాటుతున్నాడు. "మొదటి ఏడు చేను చూసి మా వీధంతా నవ్వేరు, బోసిగా ఉందని. తర్వాత పిలకలు చూసి నోరు మూసేరు."

2025-26కి రాగి మద్దతు ధర క్వింటాకి 4,886. అంటే కిలో 49 రూపాయలు కూడా లేదు. నా బిస్కెట్ల ప్యాకెట్ వైపు చూసుకున్నాను, ఏం మాట్లాడలేదు.

మధ్యాహ్నం దాటాక ఆయన సీసాలోంచి అంబలి పోసిచ్చేడు. పులుపు ముక్కుకెక్కింది. మా నాన్నమ్మ రాత్రి చోడిపిండి కలిపిపెట్టి పొద్దున్నే ఉల్లిపాయతో ఇచ్చేది, నేను ముక్కు మూసుకుని హార్లిక్స్ అడిగేవాణ్ణి. ఇక్కడ ఆయనిచ్చిన గ్లాసులో రెండోసారి కూడా పోయించుకున్నాను, ఆయన నవ్వుతున్నాడు.

లారీ కదిలేసరికి మూడు దాటింది. జైపూర్‌లో దిగేటప్పుడు ఆయన మూట సర్దుకుని, కాస్త మొహమాటపడుతూ, "ఆ బిస్కెట్లు మిగిలేయా బాబూ? మా మనవడికి ఇవంటే ఇష్టం" అన్నాడు.