ఖాళీ కేజ్, నాలుగో ప్రయత్నం: మళ్లీ 31 దాటింది

మధ్యాహ్నం 2:40కి, పిల్లల కోసం తేబోయే గినీ పిగ్‌ల (ఎలుకల వర్గానికి చెందిన చిన్న పెంపుడు జంతువులు) కేజ్‌లో 31.2 డిగ్రీలు. ఇంకా అందులో ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం.

పాపకి తొమ్మిది, బాబుకి ఐదు. హామ్‌స్టర్ వద్దనుకున్నాం, పిల్లలు పడుకున్నాక అది లేస్తుంది. రామచిలుక, నక్షత్ర తాబేలు 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో పెంచకూడదు, అమ్మేవాడు ‘ఏం కాదు సార్’ అన్నా సరే. చివరికి రెండు ఆడ గినీ పిగ్‌లని ఖాయం చేశాం. పగలు మెలకువగా ఉంటాయి, కరవడం తక్కువ, ఫ్రిజ్ తలుపు చప్పుడు వింటే ఈల వేస్తాయట. వచ్చిన చిక్కల్లా విజయవాడ ఎండతోనే. వాటికి చెమట పట్టదు. 28 దాటితే నాకు భయమే.

అందుకే ముందు ఖాళీ కేజ్‌తో లెక్కలు. థర్మామీటర్ నేలకి రెండంగుళాల ఎత్తులో, హాల్లో తూర్పు గోడ పక్కన. మామూలుగా మధ్యాహ్నం 36, తేమ 45 శాతం.

మొదటిసారి, లీటరు నీళ్ల సీసా గడ్డకట్టించి బట్ట చుట్టి పెట్టాను. సీసాకి అంగుళం దూరంలో 29, అడుగు దూరంలో 34.5. రెండోసారి ఫ్రిజ్‌లో పెట్టిన టైల్. నలభై నిమిషాల్లో గది వేడికి వచ్చేసింది. మూడోసారి తడి మట్టికుండ అడ్డంగా పడుకోబెట్టాను. లోపల 31, కానీ తేమ 88. అందులో ఏ ప్రాణి ఉన్నా ఉడికిపోతుంది. అయినా అవి దాక్కోడానికి కేజ్‌లో పెట్టే ప్లాస్టిక్ ఇళ్ల కంటే ఉత్త కుండే నయం, పొడిగా ఉంచితే.

నాలుగోది, ఈరోజుది, కూలర్. కిటికీలు మూసి నడిపితే అరగంట తగ్గి మళ్లీ ఎక్కింది: 31.2, తేమ 84. ఎదురు కిటికీ తెరిచాక 29.8 దాకా దిగి అక్కడే ఆగింది. ప్యాడ్ పాతదేమో అనుకుని గడ్డి ప్యాడ్ తీసి హనీకోంబ్ (తేనెపట్టు గళ్ల ప్యాడ్) వేశాను, అర డిగ్రీ తేడా. నా అనుమానం ప్యాడ్ మీద కాదు, మన గాలి మీదే. ముందే తేమ ఉన్న గాలిని కూలర్ ఇంకెంత చల్లబరుస్తుంది? అనంతపురంలో అయితే పనిచేసేదేమో.

మేత గొడవ తీరింది, పాలవాళ్ల దగ్గర గినీ గడ్డి (పశువుల మేత) కుదిరింది. వీటికి మామూలుగా పెట్టే టిమోతీ ఎండుగడ్డి ప్యాకెట్లకి అంత పోయడం నాకు దండగే అనిపిస్తోంది. సి విటమిన్ వాటి ఒంట్లో తయారవదు కనక రోజూ ఓ క్యాప్సికమ్ ముక్క.

ఇక మిగిలింది ఏసీ ఉన్న పడకగది. 26లో పెడితే సరిపోతుంది, గడ్డి దుమ్ముకి మా ఆవిడ తుమ్ములు వేరే సంగతి. కానీ కరెంటు పోతే? శనివారం మధ్యాహ్నం మెయిన్ ఆపేసి, 26 నుంచి 30కి ఎన్ని నిమిషాల్లో ఎక్కుతుందో చూడాలి. గంట కంటే తక్కువైతే గినీ పిగ్‌లు దీపావళి తర్వాతే. మెయిన్ ఆపే సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.